రూమ్మేట్ స్ట్రిప్‌లో మిగిలిన నాలుగు గోలీలు

"అన్నా, ఎవరి దగ్గరన్నా సెఫిక్సిమ్ గోలీలు ఉన్నాయా? నిన్నటి సంది జరం."

పోయిన బుధవారం రాత్రి పదకొండు గంటలకు మా పాత రూమ్ గ్రూపులో పడిన మెసేజ్ ఇది. పెట్టిన తమ్ముడు ఉప్పల్‌లో ఉంటాడు, మెట్రో స్టేషన్‌కు దగ్గర్లోనే. రెండు నిమిషాల్లో మూడు జవాబులు. ఒకడు "నా దగ్గర నాలుగున్నయ్ రా, పోయిన నెల మిగిలినయ్" అన్నాడు. ఇంకొకడు "సెఫ్ ఎందుకు, అజిత్రో వేస్కో, మూడ్రోజుల్ల అయిపోతది" అన్నాడు. మూడోవాడు ఏకంగా స్ట్రిప్ ఫొటో పెట్టాడు. డాక్టర్ దగ్గరికి పో అన్నవాడు ఒక్కడూ లేడు.

నవ్వుకుని వదిలేద్దామనుకున్నా. వదల్లేకపోయా. ఎందుకంటే మూడేళ్ల కిందట అలాంటి నాలుగు గోలీలు మింగినవాణ్ని నేనే.

అప్పట్లో నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లో ముగ్గురం కలిసి ఉండేవాళ్లం. ఆగస్టు నెల. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర రెండు రోజులు వరసగా తడిశాను. మూడో రోజు ఒళ్లునొప్పులు, సాయంత్రానికి 102 జ్వరం. రూమ్మేట్ డ్రాయర్‌లోంచి సగం ఖాళీ అయిన స్ట్రిప్ తీశాడు. అంతకు రెండు నెలల ముందు వాడికి గొంతు ఇన్ఫెక్షన్ వస్తే డాక్టర్ పది గోలీలు రాశారట. ఆరు వేసుకున్నాక గొంతు నొప్పి పోయింది. మిగిలిన నాలుగూ దాచిపెట్టాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున రెండు రోజులు వేసుకున్నా. జ్వరం కాస్త దిగింది. "చూసినవా, వర్కవుట్ అయింది" అన్నాడు వాడు. నేనూ నమ్మేశా. బ్యాగు తగిలించుకుని ఆఫీసుకు పోయా.

రెండు రోజులు తిరక్కుండానే 103 వచ్చింది. ఈసారి కడుపునొప్పి కూడా. అప్పుడు వెళ్లా డాక్టర్ దగ్గరికి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఏమన్నా మందులు వేసుకున్నావా బాబూ?" నేను చెప్పిన మొదటి మాట "లేదు సార్, పారాసిటమాల్ ఒక్కటే." ఆయన నా మొహం చూసి మళ్లీ అడిగారు. అప్పుడు నిజం చెప్పా.

"కల్చర్‌కు పంపిస్తా. కానీ ఏమీ రాకపోవచ్చు" అన్నారు.

ఆయన అన్నట్టే అయింది. ఐదు రోజుల తర్వాత రిపోర్టులో క్రిమి ఏదీ పెరగలేదని వచ్చింది. అంటే ఒంట్లో క్రిమి లేదని కాదు. ఉన్నా దొరకలేదని. నా నాలుగు గోలీలు దాన్ని చంపేంత పని చెయ్యలేదు గానీ, కనపడకుండా దాచేంత పని మాత్రం చేశాయి. ఏది ఉందో తెలీకుండానే డాక్టర్ అంచనా మీద ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అమ్మ జనగామ నుంచి బస్సెక్కి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగింది. కొత్త ఉద్యోగం, ప్రొబేషన్‌లో పద్దెనిమిది రోజులు సెలవు. నాకొచ్చింది టైఫాయిడో కాదో ఇప్పటికీ తెలీదు.

అందుకే ఈ వారం మన సబ్జెక్టు సెఫ్ గోలీలు. వాటిని జాగ్రత్తగా వాడటం అంటే టైముకు మింగడం ఒక్కటే అనుకుంటాం. అసలు జాగ్రత్త మొదటి గోలీ వేసుకోవడానికి ముందే మొదలవుతుంది.

ఈ 'సెఫ్' ఎవరు?

మెడికల్ షాపులో ఇచ్చే స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో బ్రాండ్ పేరుంటుంది. దాని పక్కనో కిందో చిన్నక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. టాక్సిమ్-ఓ, జిఫి అని రెండు వేర్వేరు పేర్లు కనిపిస్తాయి. రెండింట్లోనూ ఉండేది సెఫిక్సిమే. ఇది తెలీక ఒక క్లినిక్‌లో రాసిన బ్రాండూ, ఇంకో క్లినిక్‌లో రాసిన బ్రాండూ కలిపి వేసుకునేవాళ్లున్నారు. అంటే ఒకే మందు రెండింతలు. కాబట్టి చిన్నక్షరాలు చదవండి. కనపడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేయండి. మన తరానికి ఆ మాత్రం కష్టం కాదు.

సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్, సెఫ్యూరోక్సిమ్, సెఫాలెక్సిన్ ఇవన్నీ సెఫలోస్పోరిన్ అనే ఒకే కుటుంబం. అయితే ఒకే కుటుంబంలో ఒకడు క్రికెట్ ఆడతాడు, ఇంకొకడు చెస్ ఆడతాడు కదా, ఇవీ అంతే. చర్మం మీద గడ్డలకు సెఫాలెక్సిన్ బాగా పనిచేస్తుంది. టైఫాయిడ్‌కు, కొన్ని మూత్ర ఇన్ఫెక్షన్లకు సెఫిక్సిమ్ రాస్తారు. 'రెండూ సెఫ్‌లే కదా' అని ఒకదాని బదులు ఇంకొకటి వేసుకోవడానికి లేదు.

ఇవి ఎలా పనిచేస్తాయో ఒక్క ముక్కలో చెప్తా. బ్యాక్టీరియాకు చుట్టూ గోడ ఉంటుంది. అది పెరిగేటప్పుడు ఆ గోడ కట్టుకుంటూ పోవాలి. సెఫ్ మందు ఆ మేస్త్రీ చెయ్యి పట్టుకుంటుంది. గోడ సరిగ్గా నిలవదు, బ్యాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు అలాంటి గోడ లేదు, అందుకే మనకు పెద్దగా హాని ఉండదు. వైరస్‌కూ ఆ గోడ లేదు. జలుబు, ఫ్లూ, డెంగీ, కోవిడ్ అన్నీ వైరస్‌లే. వాటి మీద సెఫ్ వేస్తే లేని గోడను కూలగొట్టడానికి జేసీబీ పిలిచినట్టు. కఫం పచ్చగా వచ్చినంత మాత్రాన కూడా యాంటీబయాటిక్ అవసరమని కాదు. మామూలు జలుబులోనూ కఫం రంగు మారుతుంది.

మురుగు కాలువ దగ్గర పుట్టిన మందు

ఈ కుటుంబం పుట్టిన కథ తెలిస్తే ఉప్పల్ వాళ్లకు కాస్త సొంత కథలా అనిపిస్తుంది. ఎందుకంటే అదీ మురుగు నీళ్ల కథే.

1945లో ఇటలీలోని సార్డినియా దీవి, కాల్యరీ అనే ఊరు. అక్కడ జుసెప్పె బ్రోత్సు అనే ప్రొఫెసర్. ఊళ్లో టైఫాయిడ్ ఉండేది. ఊరి మురుగంతా సముద్రంలో కలిసే చోటు నీళ్లను ఆయన పరీక్షించాడు. మురుగు ఉన్నచోట క్రిములు ఉండాలి, మరి వాటిని అదుపులో పెడుతున్నది ఏదైనా అక్కడే ఉందేమోనని వెతికాడు. ఆ నీళ్లలో ఒక బూజు దొరికింది. అది వదిలే రసం టైఫాయిడ్ క్రిమిని కూడా ఆపుతోందని చూశాడు. 1948లో ఆ సంగతి అచ్చువేశాడు. బూజు నమూనా ఆక్స్‌ఫర్డ్‌కు చేరింది. అక్కడ ఎడ్వర్డ్ ఏబ్రహామ్, గై న్యూటన్ అందులోంచి సెఫలోస్పోరిన్-సి ని వేరు చేశారు. 1964లో మొదటి సెఫ్ ఇంజెక్షన్ మార్కెట్లోకి వచ్చింది. నోటితో మింగే రకాలు ఆ తర్వాత వచ్చాయి. మన సెఫిక్సిమ్‌కు అమెరికాలో అనుమతి దొరికింది 1989లో.

అంటే టైఫాయిడ్ మీద గురిపెట్టి మొదలైన వెతుకులాట, సుమారు నలభై ఏళ్లకు మన చేతిలో గోలీ అయింది. ఇప్పుడు దీని విలువ ఇంకా పెరిగింది. ఒకప్పుడు టైఫాయిడ్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ రాసేవాళ్లు. మన దేశంలో టైఫాయిడ్ క్రిములు చాలావరకు దానికి లొంగడం మానేశాయి. అందుకే ఇప్పుడు భారమంతా సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, అజిత్రోమైసిన్ లాంటి కొన్ని మందుల మీదే పడింది. ఇవి కూడా పోతే?

ఇంకో హైదరాబాద్‌లో ఏమైందంటే

'పోతే' అని భయపెట్టడం కాదు. ఒక హైదరాబాద్‌లో అది జరిగింది. మన హైదరాబాద్ కాదు, పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్.

2016 నవంబరులో అక్కడ కొత్త రకం టైఫాయిడ్ బయటపడింది. పాత మందులకూ లొంగదు, సిప్రోకూ లొంగదు, సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగదు. సెఫ్‌లను ముక్కలు చేసే ఎంజైమ్ తయారుచేసే జన్యువును ఆ క్రిమి వేరే బ్యాక్టీరియా నుంచి అరువు తెచ్చుకుంది. నోటితో వేసుకోవడానికి అజిత్రోమైసిన్ ఒక్కటి మిగిలింది. అది పనిచేయకపోతే ఖరీదైన ఇంజెక్షన్లే గతి. అది కరాచీకి పాకింది. 2018 డిసెంబరు నాటికి సింధ్‌లో అలాంటి కేసులు 5 వేలు దాటాయి. ఎక్కువమంది పిల్లలే.

దాన్ని ఆపడానికి ఏం చేశారో తెలుసా? టీకా వేశారు. ఆ టీకా తయారైంది మన హైదరాబాద్ శివార్లలో, జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌లో. పేరు టైప్‌బార్-టీసీవీ. 2019 నవంబరులో సింధ్ నుంచి మొదలుపెట్టి పాకిస్తాన్ దాన్ని పిల్లల టీకాల జాబితాలో చేర్చింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే.

ఒక హైదరాబాద్‌లో మందు ఓడిపోతే ఇంకో హైదరాబాద్ టీకా పంపింది. గర్వంగానే ఉంటుంది. కానీ నాకు ఇందులో గర్వం కంటే ఎక్కువగా ఒక హెచ్చరిక వినిపిస్తుంది. మన దగ్గర సెఫ్ ఇంకా పనిచేస్తోంది. దాన్ని జలుబుకూ, రూమ్మేట్ జ్వరానికీ సగం సగం వేస్తూ పోతే, మన క్రిములకు కూడా మనమే ట్యూషన్ చెప్పినట్టవుతుంది.

మొదటి గోలీకి ముందు నాలుగు ప్రశ్నలు

డాక్టర్ దగ్గర సిగ్గుపడకుండా అడగండి. బిర్యానీ ఆర్డర్ చేసేటప్పుడు 'ఎక్స్‌ట్రా రైతా వస్తదా' అని అడుగుతాం కదా, అంత మామూలుగా.

ఒకటి: "ఇది బ్యాక్టీరియానా, వైరసా? ఎలా తెలిసింది సార్?" వానాకాలం జ్వరంలో డెంగీ, మలేరియా, టైఫాయిడ్, మామూలు వైరల్ అన్నీ మొదటి మూడు రోజులు ఒకేలా ఉంటాయి. డెంగీకి ఎన్‌ఎస్‌1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో బాగా పనిచేస్తుంది.

రెండు: "యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు కల్చర్‌కు రక్తం ఇవ్వాలా?" టైఫాయిడ్ అనుమానం ఉంటే మొదటి వారంలో, మందు పడకముందు చేసే రక్త కల్చరే నమ్మదగ్గ పరీక్ష. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో కూడా అదే చెబుతుంది. మూత్ర ఇన్ఫెక్షన్‌కైతే మూత్రం కల్చర్. మన దగ్గర చాలామంది 'విడాల్ పాజిటివ్ అట' అనగానే టైఫాయిడ్ ఖాయం చేసుకుంటారు. ఒక్క విడాల్ రిపోర్టుతో ఖాయం చేయలేం. అది చూసేది క్రిమిని కాదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను. పాత ఇన్ఫెక్షన్ వల్లా పాజిటివ్ రావచ్చు, జ్వరం మొదట్లో నిజమైన టైఫాయిడ్‌లోనూ నెగటివ్ రావచ్చు.

మూడు: "నాకు పెన్సిలిన్ పడదు, పర్వాలేదా?" పెన్సిలిన్, అమోక్సిసిలిన్ వేసుకుంటే దద్దుర్లు వచ్చాయా, మొహం వాచిందా, ఊపిరాడలేదా అన్నది కచ్చితంగా చెప్పండి. పెన్సిలిన్ పడనివాళ్లలో చాలామందికి సెఫ్ పడుతుంది. కానీ గతంలో తీవ్రమైన రియాక్షన్ వచ్చి ఉంటే ఆ నిర్ణయం డాక్టర్‌దే, మీది కాదు, మెడికల్ షాపు అన్నది అంతకన్నా కాదు. ఇంతకుముందు ఏ సెఫ్ అయినా పడకపోతే ఆ పేరు ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

నాలుగు: "నేను ఇవి వాడుతున్నా, కలిపి వేసుకోవచ్చా?" కిడ్నీ సమస్య ఉంటే మోతాదు తగ్గించాలి. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడే అమ్మానాన్నలకు సెఫిక్సిమ్ రాస్తే, రక్తస్రావం ముప్పు పెరగకుండా మధ్యలో రక్తపరీక్ష అవసరం కావచ్చు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ కుటుంబం మందులు వాళ్లకు మామూలుగానే రాస్తుంటారు, కానీ డాక్టర్‌కు తెలిసి రాయడం వేరు.

మింగేటప్పుడు

ఇక్కడ చాలామంది చేసే తప్పు గ్యాస్ గోలీ. సెఫ్‌పోడాక్సిమ్, సెఫ్యూరోక్సిమ్ గోలీలు కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి బాగా పడతాయి. గ్యాస్ తగ్గించే మందులు, యాంటాసిడ్ సిరప్‌లు ఆ ఆమ్లాన్నే తగ్గిస్తాయి. అంటే ఒక చేత్తో మందు వేసుకుని ఇంకో చేత్తో దాన్ని ఆపినట్టు. 'యాంటీబయాటిక్‌తో గ్యాస్ గోలీ ఫ్రీ' అన్నట్టు మీకు మీరే కలుపుకోకండి. రెండూ రాసి ఉంటే ఎంత తేడాతో వేసుకోవాలో అడగండి. ఈ రెండు సెఫ్‌లూ అన్నం తిన్నాక వేసుకుంటే మేలు. సెఫిక్సిమ్‌కు ఆ పట్టింపు లేదు. తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం మాత్రం తగ్గుతుంది. సెఫ్‌డినిర్ రాస్తే ఐరన్ గోలీకీ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి.

పెరుగు తినొచ్చా? తినొచ్చు. కొన్ని వేరే యాంటీబయాటిక్‌లకు పాలు, పెరుగు అడ్డుపడతాయి గానీ సెఫిక్సిమ్‌కు పెరుగుతో పేచీ లేదు. అమ్మ వద్దంటే ఈ లైను చూపించండి.

రోజుకు రెండుసార్లు అంటే 12 గంటలకొకటి. పొద్దున తొమ్మిదికి ఒకటి, గుర్తొచ్చి మధ్యాహ్నం మూడుకు ఇంకొకటి కాదు. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకోండి. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. ఈలోగా తర్వాతి గోలీ టైము దగ్గరపడితే పోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి మింగొద్దు.

పిల్లల డ్రై సిరప్ అయితే మరిగించి చల్లార్చిన నీళ్లు సీసా మీద గీత దాకా పోసి బాగా ఊపాలి. నురగ తగ్గాక మళ్లీ గీత చూడాలి. ప్రతిసారీ వేసే ముందు ఊపాలి. ఇంట్లో చెంచాతో కాదు, ఇచ్చిన కొలత మూతతోనో సిరంజితోనో వేయాలి. ఎందుకంటే పిల్లల మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి లెక్కిస్తారు. కలిపిన సిరప్ ఎన్ని రోజులు పనికొస్తుందో లేబుల్ మీద ఉంటుంది. ఆ గడువు దాటితే పారేయాల్సిందే. అక్క కొడుక్కి మిగిలింది చెల్లి కూతురికి కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. టైఫాయిడ్‌లో సరైన మందు పడినా జ్వరం వెంటనే దిగదు. ఐదారు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. రెండో రోజు కూడా 101 ఉందని కంగారుపడి ఇంకో డాక్టర్ దగ్గరికి పోయి మందు మార్పిస్తే, మొదటిది పనిచేసేదో లేదో ఎప్పటికీ తెలీదు. అనుమానం ఉంటే రాసిన డాక్టర్‌కే ఫోన్ చేసి అడగండి. అలాగే తగ్గిందని మధ్యలో ఆపకండి. ఎన్ని రోజులన్నది జబ్బును బట్టి ఉంటుంది. కొన్ని మూత్ర ఇన్ఫెక్షన్లకు కొద్ది రోజులు చాలు, టైఫాయిడ్‌కు రెండు వారాల దాకా వెళ్లొచ్చు. తగ్గినట్టే తగ్గి రెండు మూడు వారాలకు టైఫాయిడ్ తిరగబెట్టడం కూడా ఉంది.

ఇవి కనిపిస్తే ఆగండి

కాస్త వికారం, రెండు మూడుసార్లు పలచటి విరేచనం చాలామందికి అవుతాయి. నీళ్లు, ఓఆర్ఎస్ తాగితే సర్దుకుంటుంది. కానీ నీళ్లలా ఆగకుండా పోతున్నా, రక్తం పడినా, తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. యాంటీబయాటిక్ మన పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా ఊడ్చేస్తుంది. ఆ ఖాళీలో ఒక చెడ్డ క్రిమి పెరిగి పేగు పుండు చేయొచ్చు. కోర్సు అయిపోయిన కొన్ని వారాలకు కూడా ఇది రావచ్చు. అప్పుడు మీకు మీరే విరేచనాలు ఆపే గోలీ వేసుకోవద్దు.

గోలీ వేసుకున్న కాసేపటికే పెదాలు వాచడం, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం జరిగితే ఇంకో ఆలోచన లేదు, 108. చర్మం పొక్కులెక్కి ఊడుతున్నా అంతే. ఆ స్ట్రిప్ చేత్తో పట్టుకుని వెళ్లండి. మందుల వల్ల వచ్చిన ఇలాంటి ఇబ్బందులు చెప్పడానికి దేశమంతటికీ ఒక టోల్‌ఫ్రీ నంబర్ ఉంది, 1800-180-3024. డాక్టరే కాదు, మామూలు మనిషి కూడా చెప్పొచ్చు.

ఎర్ర గీత ఎందుకుంది?

స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత చూసే ఉంటారు. డాక్టర్ రాయకుండా వాడొద్దని దాని అర్థం. దాని గురించి కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రత్యేకంగా ప్రచారం మొదలుపెట్టింది. అంతకుముందే, 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 రూల్ అమల్లోకి వచ్చింది. సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ లాంటి మూడో తరం సెఫ్‌లు అందులో ఉన్నాయి. వీటిని అమ్మితే మందు రాసిన డాక్టర్ పేరు, అడ్రస్, పేషెంట్ పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో మెడికల్ షాపు విడి రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి.

కాగితం మీద రూల్ గట్టిదే. కౌంటర్ దగ్గర "అన్నా, సెఫ్ ఇవ్వు, నాలుగు చాలు" అంటే చీటీ అడక్కుండా స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేవాళ్లు ఉన్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. తప్పు వాళ్లదే అనేసి ఊరుకోలేం. చీటీ లేకుండా అడిగేది మనమే. డాక్టర్ ఫీజు, టెస్టుల ఖర్చు, ఆఫీసు సెలవు ఇవన్నీ లెక్కేసుకునే అడుగుతాం, అది నాకు తెలుసు. నేనూ అదే లెక్కేశా. ఆ లెక్క చివరికి పద్దెనిమిది రోజులైంది.

ఖర్చే అడ్డమైతే దారులున్నాయి. నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లకు నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. సిటీలో బస్తీ దవాఖానాలున్నాయి. జ్వరాల కోసమే నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి ఉంది.

మిగిలిన గోలీలు ఏం చేయాలి? సరిగ్గా వాడితే మిగలకూడదు. డాక్టరే మధ్యలో ఆపమంటే మిగులుతాయి. అప్పుడు దాచొద్దు, దానం చేయొద్దు, సింకులో పొయ్యొద్దు. మెడికల్ షాపు వాళ్లు తీసుకుంటారేమో అడగండి. లేదంటే వాడేసిన టీ పొడితో కలిపి కవర్‌లో మూటకట్టి పారేయండి. ఇంకెవరికీ 'ఉపయోగపడే' రూపంలో ఉంచకండి.

ఇక ఉప్పల్ తమ్ముడి సంగతి. ఆ రాత్రి ఫోన్ చేసి నా కథంతా చెప్పా. "ఇప్పుడైతే పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు బాగా తాగి పడుకో. ఒళ్లునొప్పులని వేరే పెయిన్‌కిల్లర్ వేసుకోకు. పొద్దున డాక్టర్ దగ్గరికి పో" అన్నా. గొణిగాడు గానీ వెళ్లాడు. సాయంత్రానికి రిపోర్ట్ వచ్చింది. డెంగీ.

ఆ నాలుగు గోలీలు వేసుకుని ఉంటే ఏమయ్యేది? గోలీ వల్ల పెద్దగా ఏమీ అయ్యేది కాదేమో. అసలు ప్రమాదం వేరే ఉంది. డెంగీ జ్వరం మూడు నుంచి ఏడు రోజుల మధ్య దిగుతుంది. ప్రాణం మీదికి వచ్చేది కూడా కొందరికి సరిగ్గా అప్పుడే. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, లేవలేనంత నీరసం వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. మనవాడైతే 'సెఫ్ పనిచేసింది, జరం దిగింది' అనుకుని రూమ్‌లో ఒక్కడే పడుకుని ఉండేవాడు.

ఇప్పుడు బాగున్నాడు. మూడు రోజులు రక్తపరీక్షలు చేయించుకుంటూ ఇంట్లోనే కోలుకున్నాడు. నిన్న గ్రూపులో మెసేజ్ పెట్టాడు. "ఆ నాలుగు గోలీలు ఎవరి దగ్గర ఉన్నయో, పారెయ్ రా భాయ్."

మీ డ్రాయర్‌లో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి.

వచ్చే వారం: పరగడుపున రోజూ వేసుకునే ఆ గ్యాస్ గోలీ, ఎన్నాళ్లని?